రెండు సున్నాలు

రాత్రిపూట వీధిలో నిలబడి చూస్తే ఎదురింట్లో దీపం లేదు. ఇంట్లోవాళ్లు ఊరెళ్లారా, లోపలే పడుకుని నిద్రపోతున్నారా? చీకటి రెండింటికీ ఒకటే. ఇంగితం ఉన్నవాడు కిటికీ వంక చూడడం మానేసి, గుమ్మం దగ్గర చెప్పులున్నాయేమో చూస్తాడు.

జర్మనీలో తయారైన ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం నాకు నచ్చడానికి కారణం దాదాపుగా ఇంతే. ఆర్కిటిక్ సముద్రపు పాత మంచు గురించి రాసిన ఆ గ్రంథంలో చెప్పుకోదగ్గ పనితనమంతా చెప్పులు వెతకడంలోనే ఉంది. యూలియానె మ్యులర్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త బ్రెమర్‌హావెన్‌లోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థలో పనిచేసి, 2011లో బ్రెమెన్ విశ్వవిద్యాలయం నుంచి ఆ గ్రంథాన్ని వెలువరించారు. గైడ్ రూడిగర్ స్టైన్. గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్ దీవులకూ నడుమ ఉన్న ఫ్రామ్ జలసంధిని గత 30 వేల ఏళ్లలో మంచు ఎప్పుడు కమ్మింది, ఎప్పుడు విడిచింది అన్నది ప్రశ్న. ఆర్కిటిక్ పరిశోధన అనగానే తెల్ల ఎలుగుబంటి, మంచును చీల్చుకుపోయే ఓడ కళ్లముందు మెదులుతాయి. ఈ పనిలో మొదటి నుంచి చివరి దాకా కనిపించేది బురద.

ముందు ఆ చోటు ఎందుకో చూద్దాం. ఆర్కిటిక్ మహాసముద్రానికి బయటి ప్రపంచంతో ఉన్న లోతైన నీటి దారి ఫ్రామ్ జలసంధి ఒక్కటే. నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఓడ పేరే దానికి పెట్టారు. దానికి తూర్పు పక్కన అట్లాంటిక్ నుంచి వెచ్చటి నీరు లోపలికి పోతుంది, పడమటి పక్కన మంచుపలకలు బయటికొస్తాయి. సంత దారి మొగదల అరుగు మీద కూర్చున్నవాడికి ఎవరెవరు వస్తున్నారో, ఏమేం మోసుకుపోతున్నారో తెలిసినట్టు, ఇక్కడ అడుగున పేరుకున్న మట్టికి రెండు రాకపోకలూ తెలుసు. ఏళ్ల తరబడి పైనుంచి రాలినదంతా పొర మీద పొరగా అక్కడే ఉంది.

ఆమె మొదట చదివిన మట్టి ఆమె స్వయంగా తెచ్చుకున్నది కాదు. 1997లో పోలార్‌స్టెర్న్ అనే మంచు ఓడ స్వాల్‌బార్డ్‌కు వాయవ్యంగా, యెర్మాక్ పీఠభూమి మీద, దాదాపు వెయ్యి మీటర్ల నీటి కిందికి ఇనుప గొట్టం దించి ఒక మట్టి కడ్డీని పైకి లాగింది. శాస్త్రజ్ఞులు దాన్ని కోర్ అంటారు. దాని పేరు పీఎస్2837-5. పొలానికి సర్వే నంబరు లాంటిదే ఇది కూడా. మొదటి రెండక్షరాలు ఓడవి, తర్వాతి అంకె ఓడ ఆగిన స్టేషన్‌ది, చివరి 5 అంటే ఆ స్టేషన్‌లో నీటిలోకి దించిన అయిదో పరికరం అని. ఇలాంటి కోర్‌ను నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం పనికి, ఒక సగం దాపుకు. పని సగంలోంచి సెంటీమీటరు మందాన ముక్కలు కోసి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. ఆ మట్టిని అంతకుముందే వేరేవాళ్లు చదివారు. దశాబ్దం తర్వాత ఒక విద్యార్థిని అదే మట్టిని కొత్త ప్రశ్నతో మళ్లీ తెరిచారు.

ఆ ప్రశ్నకు ఆయువుపట్టు ఒక అణువు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో సైమన్ బెల్ట్ బృందం 2007లో దాన్ని ప్రకటించి ఐపీ-25 అని పేరు పెట్టింది. ఐస్ ప్రాక్సీ అన్న మాటకు పొట్టిరూపం ఐపీ. 25 అంటే అందులోని కార్బన్ పరమాణువుల లెక్క. వసంతం రాగానే సముద్రపు మంచు అడుగుభాగంలో, ఉప్పునీరు నిండిన సన్నటి సందుల్లో డయాటమ్‌లనే ఏకకణ జీవులు పెరుగుతాయి. గోధుమరంగు నాచు పట్టినట్టు ఉంటుంది మంచు అడుగు. వాటిలో ఏవో కొన్ని జాతులు మాత్రమే ఈ అణువును తయారుచేస్తాయి. మంచు కరిగినప్పుడు ఆ డయాటమ్‌లు రాలి అడుక్కి చేరతాయి. గాజు లాంటి వాటి పెంకులు చాలాసార్లు కరిగిపోతాయి గాని, ఈ అణువు మట్టిలో మిగిలిపోతుంది. తర్వాతి పరిశోధనల్లో 50 లక్షల ఏళ్లు దాటిన ఆర్కిటిక్ మట్టిలో కూడా అది దొరికింది. తమాషా ఏమిటంటే, దాన్ని తయారుచేసే జాతులు ఏవేవో గట్టిగా తేలింది 2014లో. సంతకం చేసింది ఎవరో తెలియకముందే సంతకాన్ని నమ్మి ఏడేళ్లు పనిచేశారన్నమాట! మంచులో దొరుకుతోంది, మంచు లేని సముద్రాల మట్టిలో దొరకడం లేదు అన్న ఆధారం మీదే ఆ నమ్మకం నిలబడింది.

ఐపీ-25 ఉంటే ఆ ఏళ్లలో అక్కడ వసంతకాలపు మంచు ఉందని అర్థం. ఇంతవరకు చిక్కేమీ లేదు. లేకపోతేనే చిక్కు. మంచే లేకపోతే మంచు అడుగున పెరిగే డయాటమ్ ఉండదు. అప్పుడు సున్నా. మంచు ఏడాది పొడుగునా, మీటర్ల మందాన, పైన హిమం కప్పుకుని ఉందనుకోండి, వెలుతురు కిందికి దిగదు. డయాటమ్ అప్పుడూ పెరగదు. మళ్లీ సున్నానే. ఒకటి తెరిచిన సముద్రం, రెండోది మూతపడ్డ సముద్రం. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. యంత్రం మాత్రం రెండుసార్లూ ఒకే మాట చెబుతుంది.

2009లో నేచర్ జియోసైన్స్ పత్రికలో మ్యులర్, గియోమ్ మసే, స్టైన్, బెల్ట్ కలిసి వేసిన వ్యాసం ఈ ముడిని విప్పింది. విప్పడానికి తీసుకున్నది బ్రాసికాస్టెరాల్ అనే మరో అణువు. మంచు లేని చోట, ఎండ తగిలే నీటిలో తేలే సూక్ష్మజీవులు దీన్ని విరివిగా తయారుచేస్తాయి. పేరులోని బ్రాసికా అంటే ఆవ, క్యాబేజీల కుటుంబం. ఆ జాతి గింజల నూనెలో ఉండే పదార్థం కాబట్టి ఆ పేరు. ఆర్కిటిక్ బురదలో ఆవ వాసన తగిలితే తెలుగువాడికి కాస్త చనువు ఏర్పడుతుంది, కాదనను.

ఇక లెక్క తేలిక. ఐపీ-25 లేదు, బ్రాసికాస్టెరాల్ దండిగా ఉంది: మంచు లేదు. ఐపీ-25 లేదు, బ్రాసికాస్టెరాల్ కూడా లేదు: సముద్రం మీద కదలని మంచు మూత. రెండూ ఎక్కువగా ఉన్నాయి: మంచు అంచు సరిగ్గా అక్కడే ఆడుతోంది, ఎందుకంటే ఆ అంచు దగ్గరే జీవం పొంగుతుంది. గుమ్మం దగ్గర చెప్పులంటే ఇవే. ఆ కోర్‌లో రెండు రకాల సున్నాలూ దొరికాయి. చివరి హిమయుగం ముదిరిన రోజుల్లో, అంటే సుమారు 21 వేల ఏళ్ల కిందటి ప్రాంతంలో, మూత సున్నా. హిమయుగం విడుస్తూ సుమారు 14,700 ఏళ్ల కిందట బోలింగ్ అనే వెచ్చటి దశ మొదలైనప్పుడు, తెరిచిన సున్నా. మిగతా కాలంలో చాలామటుకు మంచు వస్తూ పోతూ ఉంది.

చెప్పినంత సులువుగా జరిగే పని కాదిది. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ప్రయోగశాలే కాబట్టి కొంచెం నిదానిస్తాను. ముక్కలుగా కోసిన మట్టిని గడ్డకట్టించి, శూన్యంలో తేమ లాగేసి, పొడి చేస్తారు. కొన్ని గ్రాములు తూచి గాజు గొట్టంలో పోస్తారు. అసలు పని మొదలుకాకముందే అందులో ఒక పదార్థాన్ని చుక్కగా కలుపుతారు. ప్రకృతిలో ఆ మట్టిలో ఉండే వీల్లేనిది, ఎంత వేశామో కచ్చితంగా తెలిసినది. ఎందుకంటే, కడగడం, వడకట్టడం, ఆవిరి చేయడం అన్న ఒక్కో మెట్టు దగ్గరా కొంత సరుకు పోతుంది. వడ్ల బస్తాలో లెక్కపెట్టి పది ఎర్ర పూసలు వేసి మరకు పంపామనుకోండి. తిరిగొచ్చినవి ఎనిమిదే అయితే, బియ్యంలో కూడా అయిదో వంతు దారిలో పోయిందని లెక్క కట్టుకోవచ్చు. పోయినదాన్ని ఆపలేనప్పుడు, ఎంత పోయిందో తెలుసుకునే ఏర్పాటు ముందే చేసుకోవడం అన్నమాట.

తర్వాత ద్రావకాలు పోసి, శబ్దతరంగాలతో కుదిపి, మట్టిలోని కొవ్వులాంటి పదార్థాలన్నిటినీ బయటికి లాగుతారు. వచ్చిన గోధుమరంగు నీళ్లను సన్నటి గాజు నాళంలో నింపిన సిలికా పొడి గుండా దించుతారు. మొదట ఒక ద్రావకం పోస్తే ఐపీ-25 ఉన్న జట్టు దిగుతుంది, తర్వాత వేరే ద్రావకం పోస్తే బ్రాసికాస్టెరాల్ ఉన్న జట్టు. ఒక్కో జట్టునూ గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రానికి ఇస్తే, అది అణువులను వరసలో నిలబెట్టి ఒక్కొక్కటే వదులుతుంది. చివర్న మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని తూచి ముద్ర వేస్తుంది. ఐపీ-25 అయితే 350 అనే అంకె దగ్గర, రావలసిన నిమిషానికి, చిన్న శిఖరంగా లేస్తుంది. రాకపోతే గీత చదునుగా సాగిపోతుంది. ఆ చదును గీతను చూసి ‘మంచు లేదు’ అనాలా, ‘మంచు దట్టంగా ఉంది’ అనాలా, ‘నా చేతిలోనే ఎక్కడో తప్పు జరిగింది’ అనాలా? మూడో అనుమానాన్ని తీర్చేవి ఆ ఎర్ర పూసలే. అవి సరిగ్గా వచ్చి ఐపీ-25 రాకపోతే, ఆ సున్నా నిజమైన సున్నా.

మట్టి వయసు లెక్కకట్టడం ఇంకో తరహా ఓపిక. మట్టిని సన్నజల్లెడలో నీళ్లతో కడిగితే ఫొరామినిఫెరా అనే జీవుల సున్నపు పెంకులు మిగులుతాయి. ఇసుక రేణువంత సైజు. సూక్ష్మదర్శిని కింద తడిపిన సన్న కుంచె కొనతో ఒక్కొక్కటే అంటించి ఏరాలి, అదీ ఒకే జాతివి. బియ్యంలో రాళ్లేరడానికి తిరగేసిన పని, రాళ్లలో బియ్యం ఏరడం. వాటిలోని రేడియోకార్బన్‌ను కొలిస్తే వయసు తెలుస్తుంది. అయితే సముద్రజలంలోని కార్బన్ అప్పటికే కొన్ని వందల ఏళ్ల పాతది కాబట్టి ఆ మేరకు సవరించాలి. ఏ మంచు ఎప్పటిదన్న మాట అంతా చివరికి ఈ కుంచె కొన మీదే ఆధారపడి ఉంటుంది.

థీసిస్‌లో రెండో భాగం (2011, ఎర్త్ అండ్ ప్లానెటరీ సైన్స్ లెటర్స్ పత్రిక) గురించి తక్కువ మంది మాట్లాడతారు. నా మటుకు పనితనం అక్కడే ఎక్కువ. మొదటి వ్యాసం పేరు తెచ్చిపెట్టాక, అదే పనిముట్టుతో మరో కోర్, ఇంకో కోర్ అంటూ సాగిపోవచ్చు. ఆమె ఆగి ఒరగల్లు తీశారు. సముద్రపు అడుగున అన్నిటికన్నా పై పొర మట్టి, అంటే దాదాపు ఈ కాలపు మట్టి, తీసుకుని వాటిలో రెండు అణువులనూ కొలిచి, ఉపగ్రహాలు చూపిస్తున్న మంచుతోనూ, కంప్యూటర్ నమూనా లెక్కగట్టిన మంచుతోనూ సరిపోల్చారు. జవాబు తెలిసిన చోట పనిముట్టు నిజం చెబితేనే, తెలియని చోట దాని మాట చెల్లుతుంది. సరిపోలిక మొత్తం మీద బాగానే కుదిరింది. అయినా ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మంచును ఉపగ్రహాలు ఎడతెగకుండా కొలుస్తున్నది 1978 చివరి నుంచే. పై సెంటీమీటరు మట్టి మాత్రం, వెయ్యేళ్లకు పది సెంటీమీటర్లు పేరుకునే చోట, నూరేళ్ల సరుకు. పాతికేళ్ల ఫొటోను ముత్తాత నుంచి మనవడి దాకా కలిసిపోయిన బొమ్మతో పోల్చినట్టు. ఈ రంగంలో ప్రతివాడూ ఈ తేడాను మోస్తూనే నడుస్తాడు.

ఆ వ్యాసంలోనే ఆమె రెండు అణువులనూ కలిపి ఒక అంకె తయారుచేశారు. పేరు పీఐపీ-25. ఐపీ-25 మొత్తాన్ని, ఐపీ-25, బ్రాసికాస్టెరాల్ రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. సున్నా వస్తే మంచు లేదు, ఒకటికి దగ్గరైతే మంచు ఎక్కువ. బ్రాసికాస్టెరాల్ మట్టిలో చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి, త్రాసు ఒకవైపే వాలిపోకుండా దాన్ని ఒక గుణకంతో తగ్గిస్తారు. ఆ గుణకం, ఆ నమూనాలన్నిటిలో రెండు అణువుల సగటుల నిష్పత్తి.

మెచ్చుకుంటూనే తప్పు చెప్పాల్సిన చోటు ఇదే. సగటు అంటే ఏ నమూనాలను తీసుకున్నారో దాని మీద ఆధారపడేది. అదే కోర్‌లో ఇంకో మీటరు లోతుకు పోయి కొత్త నమూనాలు కలిపితే సగటు మారుతుంది. దాంతో పైన అప్పటికే లెక్కగట్టిన అంకెలన్నీ కదులుతాయి. తూకం రాళ్లను సరుకును బట్టి మార్చే అంగడి అది. ఇంకోటి, రెండూ దండిగా ఉన్న మంచు అంచుకూ, రెండూ దాదాపు లేని మంచు మూతకూ నిష్పత్తి ఒకే రకంగా రావచ్చు. రెండూ నికరంగా సున్నా అయితే భాగహారమే కుదరదు. విప్పేసిన చిక్కు వెనకదారిన మళ్లీ ఇంట్లోకొచ్చింది! అయితే ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. పీఐపీ-25ను ఒంటరిగా నమ్మొద్దని, పక్కనే రెండు అణువుల విడివిడి మొత్తాలూ చూడాలని ఆ వ్యాసంలోనే చెప్పారు. తాను చేసిన పనిముట్టుకు పదును ఎక్కడ తక్కువో తానే గుర్తు పెట్టి ఇవ్వడం, నా లెక్కలో, పనిముట్టు చేయడం కన్నా ఎక్కువ. తర్వాత చాలామంది ఆ హెచ్చరికను వదిలేసి అంకెను మాత్రం తీసుకుపోయారు. కొన్నేళ్లకు ప్లిమత్ బృందం బ్రాసికాస్టెరాల్‌కు బదులుగా ఐపీ-25కు దగ్గరి చుట్టమైన మరో అణువును వాడి, గుణకం తలనొప్పిని చాలావరకు తగ్గించే దారి చూపింది.

మూడో భాగం గత ఎనిమిదిన్నర వేల ఏళ్ల కథ, 2012లో అచ్చయింది. 2007లో మరియా ఎస్. మెరియన్ అనే ఓడ తెచ్చిన కోర్‌లు దానికి ముఖ్య ఆధారం. మొదట వెచ్చగా ఉండి, పోనుపోను చల్లబడుతూ మంచు పెరిగి, చివరి మూడు వేల ఏళ్లలో మంచు అటూ ఇటూ ఊగడం కనిపించింది. ఆ కోర్‌లలో ఒకటి దొరికిన స్టేషన్‌లోనే తీసిన మరో కోర్‌ను వేరే బృందం ఫొరామినిఫెరా పెంకులతో చదివి, ఇప్పుడు లోపలికి పోతున్న అట్లాంటిక్ నీటి వెచ్చదనం గత రెండు వేల ఏళ్లలో ఎన్నడూ లేనిదని 2011లో సైన్స్ పత్రికలో రాసింది. ఒకే చోటి మట్టిలో ఒకరు కొవ్వును చదివారు, ఒకరు సున్నాన్ని చదివారు.

ఒక అవసరానికి తీసిన మట్టిని మరో ప్రశ్నకు చదవడం మన దగ్గరా జరిగింది. 2006లో జాయిడెస్ రిజొల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం సముద్రపు అడుగును తొలిచింది. ఇంధనం వెతకడానికి తీసిన ఆ కోర్‌లలో ఒకటి గోదావరి నోటికి ఎదురుగా ఉంది. దానిలోని ఆకుల మైనాన్ని చదివి, నడిమి భారతం సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా మెల్లగా ఎండు వైపు మళ్లిందని ఒక బృందం 2012లో ప్రకటించింది. ఆర్కిటిక్ డయాటమ్ కొవ్వు, దక్కన్ ఆకు మైనం. వాటిని బయటికి లాగే పద్ధతి ఇంచుమించు ఒకటే.

ఎమ్మెస్సీ జియాలజీ ముగించిన మా వీధి అమ్మాయి ఒకరోజు అడిగింది: “అంకుల్, ఆర్కిటిక్ పీహెచ్‌డీకి ఈత రావాలా?” కుంచె పట్టడం వస్తే చాలునమ్మా అన్నాను. సగం వేళాకోళమే గాని, సగం నిజం. ఈ చదువులో ఓడ మీద గడిపేది కొన్ని వారాలు. అది కూడా అందరికీ దొరకదు. మిగతా ఏళ్లన్నీ సూక్ష్మదర్శిని, గాజు గొట్టాలు, లెక్కలు. జర్మనీ, నార్వే, స్వీడన్లలో పీహెచ్‌డీ చాలావరకు జీతం ఉన్న కొలువు. విభాగానికి దరఖాస్తు పెట్టి తర్వాత గైడ్‌ను వెతుక్కునే మన అలవాటు అక్కడ పనిచేయదు. ఫలానా సముద్రం, ఫలానా కాలం, ఫలానా పద్ధతి అని ముందే గీసిన ప్రాజెక్టుకు ప్రకటన వస్తుంది, దానికే దరఖాస్తు. బ్రెమెన్, బ్రెమర్‌హావెన్, ట్రోమ్సో, బెర్గెన్, స్టాక్‌హోమ్ ఊర్ల పేర్లు వెతికితే అలాంటివి కనిపిస్తూ ఉంటాయి. నార్వేలో నాలుగేళ్ల కొలువు దొరికితే అందులో నాలుగో వంతు పాఠాలు చెప్పడం లాంటి పనికి పోతుంది. జియాలజీ వాళ్లకే అనుకోనక్కర్లేదు. ఐపీ-25ను పట్టుకున్నది రసాయన శాస్త్రజ్ఞులు.

ఇక్కడే ఉండి చేయదలిస్తే గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఉంది. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఓలెసుండ్‌లో మన దేశపు స్టేషన్ హిమాద్రి 2008 నుంచి నడుస్తోంది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకోవడం మామూలు దారి.

ఆ అమ్మాయికి మ్యులర్ థీసిస్ చదవమని చెప్పాను. మొదటి నుంచి కాకుండా, చదును గీత ఉన్న బొమ్మల దగ్గర మొదలుపెట్టమన్నాను. వారం తర్వాత వచ్చి, “అంకుల్, ఇంట్లో మనుషులున్నారు, చెప్పులు మాత్రం లోపల పెట్టుకున్నారు. అప్పుడేం చేస్తారు?” అంది. ఎవరి పరిశోధన ప్రశ్నో అది, నాకు జవాబు రాలేదు.